గాజుబుడ్డి గొంతు

మా మేనల్లుడు గిటారు వాయిస్తాడు. పెళ్ళిళ్ళలోనూ హోటళ్ళలోనూ వాయించి నాలుగు డబ్బులు తెచ్చుకుంటున్నాడు. క్రిందటి నెల మా ఇంటికి వచ్చి, కూర్చోమంటే కూర్చోక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమిరా అది?" అన్నాను.

"నడుము పట్టేసింది మామయ్యా. ఆంప్లిఫయరును మూడో అంతస్తుకు మోశాను."

పాతిక కిలోల బరువున్న ఆ వాల్వు ఆంప్లిఫయరు బావగారు రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులోంచి వాడికి కొనిపెట్టినది. దాన్ని అమ్మేసి, పుస్తకమంత పెట్టె ఒకటి కొనుక్కుంటానని వాడు. ససేమిరా వీల్లేదని బావగారు. నాకు సంగీతం రాదు గాని, ఒకప్పుడు రేడియోలు విప్పి బిగించిన చెయ్యి గనక తగవు తీర్చమని నన్ను పిలిచారు.

ఎలక్ట్రిక్ గిటారు తనంత తాను గట్టిగా మోగదు. తీగల క్రింద అయస్కాంతమూ, దాని చుట్టూ సన్నని రాగితీగ చుట్టా వుంటాయి. తీగ కదిలితే అందులో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. దాన్ని పెంచి స్పీకరుకు అందించేదే ఆంప్లిఫయరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ లేబరేటరీలో ట్రాన్సిస్టరు పుట్టేదాకా ఈ పెంచే పని వాల్వులదే. స్విచ్చి వేశాక అర నిమిషం ఆలోచించుకుని గొంతు విప్పే పాత రేడియో జ్ఞాపకం వున్నవారికి వాల్వు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆనాటి రేడియోలు కొన్నింటిలో చివర కూర్చుని స్పీకరును నడిపే ఇఎల్ 84 అనే వాల్వునే, నాలుగింటిని చేర్చి, ఇంగ్లండులో వాక్స్ ఏసీ 30 అనే గిటారు ఆంప్లిఫయరులో పెట్టారు. 1963లో బీటిల్స్ కుర్రవాళ్ళు వాయించినది ఆ ఆంప్లిఫయరు మీదనే.

రేడియోలు వాల్వులను ఏనాడో వదిలేశాయి. గిటారువాళ్ళు మాత్రం వదలలేదు. కారణం వింటే మీకు నవ్వు వస్తుంది. వాల్వు ఆంప్లిఫయరులో వాళ్ళకు నచ్చినవన్నీ దాని లోపాలే!

గట్టిగా మీటినప్పుడు వాల్వులు ఒక్కసారి ఎక్కువ కరెంటు లాగుతాయి. వాటికి డీసీ అందించే రెక్టిఫయరు కూడా వాల్వే అయితే, ఆ భారానికి వోల్టేజి కాస్త దిగుతుంది. వీధిలో అందరూ ఒకేసారి నీళ్ళ మోటార్లు వేస్తే మన ఇంట్లో దీపం డీలా పడదూ, అలాగన్నమాట. దానితో స్వరం మొదట కొంచెం అణిగి, వెంటనే మళ్ళీ లేస్తుంది. ఇంకా గట్టిగా మీటితే గొంతు బొంగురుపోతుంది. ఆ బొంగురు కోసం 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ అనే కుర్రవాడు తన స్పీకరు అట్టను బ్లేడుతో చీల్చుకున్నాడు. ఇంటికి తెచ్చిన కొత్త వస్తువును పిల్లలు ఎందుకు పాడుచేస్తారో తల్లిదండ్రులకు ఎన్నటికీ బోధపడదు.

అసలు మర్మం స్పీకరు దగ్గర వున్నది. స్పీకరు వెనక 8 ఓములు అని వ్రాసి వుంటుంది. అది అన్ని స్వరాలకూ నిజం కాదు. స్పీకరు అట్టకు, ఊయలకు వున్నట్టే, తనకు ఇష్టమైన వేగం ఒకటి వుంటుంది. గిటారు స్పీకర్లలో అది సామాన్యంగా సెకనుకు 75, 100 ఊపుల మధ్య. గిటారులో అన్నిటికన్న లావు తీగ మోగేది సెకనుకు 82 కంపనాలతో! ఆ వేగం దగ్గర ఆ 8 ఓములు ఎన్నో రెట్లు పెరిగిపోతాయి. సన్నని స్వరాల వైపు వెళ్ళినకొద్దీ మళ్ళీ పెరుగుతాయి.

మామూలు ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు నిక్కచ్చి గుమాస్తా వంటిది. స్పీకరు ఎంత అడ్డం తిరిగినా, "నేను ఇవ్వవలసిన వోల్టేజి ఇంతే" అని కూర్చుంటుంది. వాల్వుకు ఆ నిబ్బరం లేదు. అడ్డు ఎక్కువయిన చోట దాని వోల్టేజీ పైకి పోతుంది. అందుచేత లావు తీగ గుండ్రంగా పొంగుతుంది, సన్న తీగ మెరుస్తుంది. ఏసీ 30లో ఈ స్వేచ్ఛ మరీ ఎక్కువ. నెగటివ్ ఫీడ్‌బాక్ అనే కళ్ళెం దాని చివరి దశలో అసలు లేనే లేదు.

ఇక మావాడు కోరిన పెట్టె సంగతి. గిటారువాళ్ళ కాళ్ళ దగ్గర ఒక పలక వుంటుంది. దాని మీద ధ్వనిని రకరకాలుగా మార్చే పెడళ్ళు వరసగా బిగించి వుంటాయి. ఆ వరస చివర, పెడళ్ళతో పాటు ఇమిడిపోయే ఆంప్లిఫయరు ఇది. స్పీకరు పెట్టె ఆర్కెస్ట్రావారి దగ్గర ఎలాగూ వుంటుంది. సేమోర్ డంకన్ వారి పవర్ స్టేజ్ 170 ఇటువంటిదే. 4 ఓముల స్పీకరు మీద 170 వాట్లు ఇస్తుంది. ఫెండర్ వారి వాల్వుల ట్విన్ రివెర్బ్, స్పీకర్లతో సహా, 29 కిలోలు తూగేది ఇచ్చేది 85 వాట్లే.

ఇంత బరువు ఎలా తగ్గిందంటే, ఇందులో ట్రాన్సిస్టర్లు సగం తెరిచిన కుళాయిలలా పనిచేయవు. పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం, అదీ సెకనుకు లక్షలసార్లు. మధ్యలో నిలవవు గనక వేడి స్వల్పం. కరెంటు మార్చే ట్రాన్స్‌ఫార్మరు కూడా ఇటువంటి వేగంతోనే పనిచేస్తుంది గనక ఇటుకంత ఇనుము అక్కరలేకుండా అగ్గిపెట్టెంత అయింది.

అయితే ఇది కూడా గుమాస్తాయే గదా? కనుక దానికి కొంత మెత్తదనం నేర్పాలి. స్పీకరులోకి ఎంత కరెంటు పోతున్నదో ఒక చిన్న నిరోధంతో కొలిచి, ఆ లెక్కను వెనక్కు అందిస్తే, ఆంప్లిఫయరు వాల్వులాగే స్పీకరు అడ్డుకు లొంగుతుంది. కొందరు ఈ ఉపాయం పన్నుతారు. మిల్క్‌మన్ అనే అమెరికా సంస్థవారు తమ చిన్న ఆంప్లిఫయరు ముందు భాగంలో నిజం వాల్వు ఒకటి పెట్టి, 100 వాట్ల బలం మాత్రం ఈ కొత్త పద్ధతిలో ఇచ్చారు. 2019లో ఫెండర్ వారే ట్విన్ రివెర్బ్‌కు వాల్వులు లేని తమ్ముణ్ణి చేస్తూ, 85 వాట్ల అన్నగారిని అనుకరించడానికి 200 వాట్లు పెట్టారు! వాల్వు తన శక్తికి మించి అరిచినా వినసొంపే; ట్రాన్సిస్టరు అలా అరిస్తే భరించలేము. బలహీనుడి వేషం కట్టడానికి పహిల్వాను కావలసి వచ్చాడు.

వాల్వులకు మరొక చిక్కూ వున్నది. అవి తయారయ్యేది ముఖ్యంగా రష్యా, స్లొవాకియా, చైనాలలో. 2022లో యుక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు రష్యా ఎగుమతులు ఆగాయి. అక్కడి సరాతోవ్ కర్మాగారం న్యూయార్కులో ఎలక్ట్రో హార్మోనిక్స్ సంస్థ పెట్టిన మైక్ మాథ్యూస్‌ది. తరువాత సరుకు మళ్ళీ కదిలింది గాని ధర పెరిగింది. చమత్కారమేమంటే, వాల్వు లేకుండా 44 వాట్లు ఇచ్చే పెడలు చేసి అమ్మినదీ ఆయన సంస్థే.

సరే, మా తగవు. మేనల్లుడు స్నేహితుడి దగ్గర చిన్న పెట్టె అరువు తెచ్చాడు. రెండింటినీ ఒకే స్పీకరుకు, గొంతులు సమానం చేసి, మార్చి మార్చి తగిలించాము. స్పీకరు లేకుండా నడిస్తే వాల్వు ఆంప్లిఫయరులో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోగలదు. అందుకని ప్రతిసారీ ఆపి మరీ మార్చాము. వేడెక్కే వ్యవధిని బట్టి ఆనవాలు పట్టకుండా రెండింటికీ ఒక నిమిషం ఆగాము. బావగారూ నేనూ గోడవైపు తిరిగి కూర్చున్నాము. ఆరు సార్లలో నేను మూడు తప్పాను, ఆయన నాలుగు.

తరువాత వాడి కళ్ళకు తువ్వాలు కట్టి, గిటారు చేతికిచ్చి, అక్కయ్య చేత తీగలు మార్పించాము. వాడు ఆరింటికి ఆరూ చెప్పాడు.

"చెవికి కాదు మామయ్యా, చేతికి తెలుస్తున్నది. మెల్లిగా మీటినప్పుడు ఒకటే. గట్టిగా మీటితే ఇది వెనక్కు తగ్గి మళ్ళీ వస్తుంది. అది నిలబడిపోతుంది," అన్నాడు.

"వినేవాడికి తెలియని దానికోసమా నువ్వు నడుము విరగ్గొట్టుకుంటున్నది?" అన్నారు బావగారు. అంతదాకా అమ్మవద్దన్నది ఆయనే! మేనల్లుడు మాట్లాడలేదు. తువ్వాలు విప్పుకుని, వాల్వు ఆంప్లిఫయరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

పెళ్ళిళ్ళకు చిన్న పెట్టె వెళ్ళాలనీ, అది తన సంపాదనతోనే వాడు కొనుక్కోవాలనీ, పెద్దది ఇంట్లో వుండాలనీ తీర్పు చెప్పాను. వాడు లేనప్పుడు బావగారు స్విచ్చి వేసి, వెనకనుంచి వాల్వుల ఎర్రని వెలుగు చూస్తూ కూర్చుంటున్నారట. చూస్తే చూడండి గాని వెనక పలక మాత్రం విప్పకండి అని ఆయనకు గట్టిగా చెప్పి వచ్చాను. లోపల మూడు నాలుగు వందల వోల్టులు వుంటాయి, స్విచ్చి ఆపిన తరువాత కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచే వుంటాయి.