బడి ఒక్కటే చాలదు, పుస్తకంలో మన బిడ్డ ఉండాలి

"జెనీవాలో ఎవరో రాసిన కాగితంతో మన వాడ పిల్లోనికి ఏం పని సార్?" సంఘం మీటింగుల్లో ఈ మాట పదేపదే వస్తా ఉంది. అడిగేవాళ్ళది తప్పు కాదు. వాన మొహం చాటేసి, చెనిక్కాయ పంట ఎండిపోయి, జనం బెంగుళూరు బస్సెక్కే సీమ మనది. అమ్మా నాయినా వలసపోతే పిల్లోడు బడి మానేసి వాళ్ళ వెంట పోవాల, లేదా అవ్వ దగ్గర మిగిలిపోవాల. ఇట్లాంటి చోట ఐక్యరాజ్యసమితి గురించి మాట్లాడితే ఎవరికైనా నవ్వొస్తుంది. అయినా మాట్లాడాల్సిందే. ఆ కాగితాల్లో మనకు అక్కరకొచ్చే మాటలున్నాయి. మనం వాడుకోకపోతే వాటికి చెదలు పడతాయి.

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 1992 డిసెంబరులో మన ప్రభుత్వం దానికి కట్టుబడతానని ఒప్పుకుంది. ప్రాథమిక విద్య అందరికీ ఉచితంగా, తప్పనిసరిగా అందాలని దాని 28వ అధికరణం అంటుంది. ఇది చాలామందికి తెలుసు. 17వ అధికరణం సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. పత్రికలు, రేడియో, టీవీ పిల్లలకు మేలు చేసే సంగతులు చెప్పాలనీ, పిల్లల పుస్తకాలు తయారుకావాలనీ, అల్పసంఖ్యాకుల పిల్లల, ఆదివాసీ పిల్లల భాషను పట్టించుకోవాలనీ, చెరుపు చేసే వాటి నుంచి పిల్లలను కాపాడాలనీ అందులో ఉంది. అంటే బడి తలుపు తెరిస్తే సరిపోదు. లోపల పిల్లోని చేతిలో ఏం పెడుతున్నారు, ఇంట్లో వాని కంటికి ఏం చూపిస్తున్నారు అనేది కూడా హక్కుల లెక్కలోకే వస్తుంది.

ఈ రెండు ముక్కలూ విడదీయలేనివని మన గుత్తి చరిత్రే చెబుతుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చింది గుత్తిలోనే. ఆయన 1822లో బళ్ళ లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తరువిచ్చినాడు. అప్పుడు గుత్తి బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా 1882లో విడిపోయింది. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన లెక్క ఇది. జనం 9,27,857. బళ్ళు 533. చదివేవాళ్ళు 6,641. వెయ్యి మందికి ఏడుగురు! ఆడపిల్లలు మొత్తం కలిపి 60 మంది. మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ముస్లింలు 243. మిగిలిన 1,174 మందినీ "ఇతర కులాలన్నీ" అనే ఒక్క గడిలో తోసినారు. మాల, మాదిగ అనే పేరుకు గడే లేదు. ఆ 1,174లో మనోళ్ళు ఎందరో, అసలు ఒక్కడైనా ఉన్నాడో లేదో ఆ కాగితం చెప్పదు.

కాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాసినాడు. పిల్లలు పద్యాలు చిలక మాదిరి అప్పజెబుతారు గానీ అర్థం తెలీదు, పుస్తకాల భాష ఇండ్లలో మాట్లాడే భాష కాదు అన్నాడు. రెండు వందల ఏండ్ల కిందటి మాట ఇది. ఆ దొర మన బాగు కోరి రాసినాడని నేను అనడంలేదు. పన్ను కట్టే జనాన్ని లెక్కబెట్టుకునే సర్కారు అది. కానీ రాసి పెట్టినందుకే ఈరోజు మనం వేలు పెట్టి చూపించగలుగుతున్నాం. రాయనిది జరగలేదని చెప్పడం పైకులాలకు శానా సులువు.

ఈ కిటుకు మన పెద్దలకు ముందే తెలుసు. ఊరి పెత్తందారు వినకపోతే పైవానికి, పైవాడు వినకపోతే ఆ పైవానికి వినిపించినారు. మన జిల్లా పుట్టిన 1882లోనే జ్యోతిబా ఫూలే హంటర్ విద్యా కమిషన్ ముందు విన్నపం పెట్టి, పన్నెండేళ్ళ వయసు దాకా చదువు తప్పనిసరి చేయమని అడిగినాడు. బాబాసాహెబ్ 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి పోయి అంటరానివాళ్ళ గోడు ప్రపంచానికి వినిపించినాడు. 1998లో మొదలైన దళిత మానవ హక్కుల జాతీయ ప్రచారోద్యమం 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ దాకా పోయింది. కులం జాతి కాదు, ఇది మా ఇంటి విషయం అని మన ప్రభుత్వం అడ్డం పడింది. డర్బన్ చివరి ప్రకటనలో కులం అనే మాట రానీలేదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2002 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ తన 29వ సాధారణ సిఫారసు విడుదల చేసింది. పుట్టుకను బట్టి చూపే వివక్ష, కులంతో సహా, తన పరిధిలోకే వస్తుందని తేల్చింది. అందులో చదువు గురించిన భాగం ప్రతి సంఘం కార్యకర్త చదవాల. ఈ కులాల పిల్లలు బడి మానేయకుండా చూడాలనీ, ముఖ్యంగా ఆడపిల్లలను పట్టించుకోవాలనీ, బళ్ళో వేధింపులు ఆపాలనీ ఉంది. అన్నింటికన్నా పెద్ద మాట ఇంకొకటుంది. పాఠ్యపుస్తకాల్లో ఈ జనాన్ని కించపరిచే బొమ్మలు, పేర్లు, మాటలు, అభిప్రాయాలు ఉంటే వెతికి తీసేయాల. వాటి బదులు అందరి మానవ గౌరవాన్నీ చూపే పాఠాలు పెట్టాల.

ఇదీ మన వాడ పిల్లోనికి, జెనీవా కాగితానికి ఉన్న సంబంధం.

ఇప్పుడు మీ పిల్లల పుస్తకాలు తెరిచి చూడండి. "మా ఇల్లు" బొమ్మలో పూలమొక్కలు, కొళాయి, ఆఫీసుకు పోయే నాయిన ఉన్నారా, లేక కూలికి పోయే అమ్మ ఉందా? చెప్పులు కుట్టేవాడు కథలో వస్తే ఆ పని తెలివి కనబడుతుందా, లేక అయ్యో పాపం అనిపించి పంపేస్తారా? డప్పు పండగ బొమ్మలో మూలకు ఉందా, పాఠంలో నడుమ ఉందా? అంబేద్కర్‌ను రాజ్యాంగం రాసినాయన అని చెప్పి, కులం మీద ఆయన చేసిన పోరాటం దాటేస్తారా? నేను తీర్పు చెప్పను. మీరే చూసి చెప్పండి.

సినిమా సంగతి చెప్పనక్కర్లేదు. 1999 తర్వాత వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో మన సీమ అంటే బాంబులు, వేటకొడవళ్ళు, సుమోలు. మన యాస విలన్ నోట్లోనో, నవ్వించేవాని నోట్లోనో తప్ప వినబడదు. ఆ మాటతోనే బళ్ళో నిలబడి జవాబు చెప్పాల్సిన పిల్లోడు నోరు మూసుకుంటాడు. పిల్లల సినిమాల కోసం 1955లో పెట్టిన బాలల చలనచిత్ర సమితి హైదరాబాదులో అంతర్జాతీయ పండగలు చేసేది. 2022లో దాన్ని సినిమా అభివృద్ధి సంస్థలో కలిపేసినారు.

2020లో కరోనా వచ్చి బళ్ళు మూతపడితే పాఠాలు దూరదర్శన్‌కు, ఫోనుకు మారినాయి. ఫోను ఉన్నోనికి బడి, లేనోనికి సెలవు. టీవీ, ఫోను ఉబుసుపోక వస్తువులు కావు, అవి కూడా బడేనని అప్పుడు తెలిసొచ్చింది. 2021లో బాలల హక్కుల కమిటీ కూడా డిజిటల్ లోకంలో పిల్లల హక్కుల మీద ప్రత్యేకంగా వ్యాఖ్యానం ఇచ్చింది.

"ముందు కడుపుకు సంగటి, తర్వాత కదా బొమ్మలు" అంటారు కొందరు. సంగటి కావాల, నిజమే. కానీ కడుపు నిండిన పిల్లోనికి కూడా నువ్వు తక్కువోడివని పుస్తకం చెబితే వాడు బడి దాటేస్తాడు. "దేశం పరువు బయట తీస్తారా?" అంటారు ఇంకొందరు. పరువు పోయేది చెప్పినందుకా, చేసినందుకా?

ఇంకో మాట. 1969లో ఈ జిల్లాకొచ్చిన విన్సెంట్ ఫెర్రర్, ఆయన పెట్టిన ఆర్డీటీ దళిత వాడల్లో చదువుకు చేసిన మేలు జనం మరిచిపోరు. స్పెయిన్‌లో మన మొహం చూడనివాళ్ళు మన పిల్లల చదువుకు డబ్బు పంపినారు. ఆ ప్రేమకు దండం పెడదాం. అయితే దానం వేరు, హక్కు వేరు. దానం ఇచ్చేవాడు ఆపితే ఆగిపోతుంది. హక్కును ప్రభుత్వం నిలబెట్టాల. మన పిల్లోని ఫోటో సముద్రాలు దాటి పోయినప్పుడు మన పిల్లోని మాట కూడా దాటి పోవాల.

ఏం చేయాల? 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్ళు ఉండాల. మన కులాలకు జనాభాను బట్టి చోటు ఉండాల. అక్కల్లారా, ఆ కుర్చీలు వదలొద్దు. కమిటీలో పాఠ్యపుస్తకాలు చదివించుకోండి. చదువు రాకపోతే పిల్లలతోనే చదివించుకోండి. ఏ పేజీ, ఏ బొమ్మ, ఏ మాట గుచ్చుకుందో తారీఖు వేసి రాయండి. పిల్లల మాట వినాలని ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది కాబట్టి వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రాయండి. ఒక ప్రతి రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలికి, ఒక ప్రతి బాలల హక్కుల కమిషన్‌కు, ఒక ప్రతి ఐక్యరాజ్యసమితికి నివేదికలు పంపే మన సంఘాలకు పంపండి. పిల్లలు నేరుగా ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసుకునే అదనపు ఒప్పందం 2011లో వచ్చింది. మన దేశం దానికి ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోమని ఓటడగడానికి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ నిలదీయండి.

1823 లెక్కలో మనకు గడి లేదు. రేపటి లెక్క మనమే రాద్దాం.

జై భీమ్!