ఉదాసీనులెవరు?

ఎన్నికలైన ప్రతిసారీ ఒకటే పాట: యువత ఉదాసీనమైపోయిందట! తెలుగు పండితుణ్ణి గనుక మాట వినగానే విడదీసి చూడడం అలవాటు. ఉత్ + ఆసీన. ఎడంగా జరిగి కూర్చున్నవాడు ఉదాసీనుడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో నేను పాఠం చెప్పిన పిల్లలెందరో కూర్చుని లేరండీ. పూణేలోనో ముంబయిలోనో సెంట్రింగు పనిలో నిలబడి ఉన్నారు. 2024 మే 13న వచ్చి ఓటు వేయాలంటే రానుపోను ఛార్జీలు, పోయిన రోజుల కూలి ఎవరిస్తారు? 'అక్కడే నమోదు చేసుకోరాదా' అంటారు పెద్దలు. పని ముగియగానే ఊరు మారే గుడారానికి చిరునామా ఏది?

సెలవిచ్చినా గడప దాటని నగరవాసులు లేరనను. ఆ ఏడు హైదరాబాదు లోక్‌సభ స్థానంలో సగంమందైనా ఓటు వేయలేదు. వారిని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.

సైనికునికి తపాలా ఓటుంది. వలసపోయినవారు ఉన్నచోటనే ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. ప్రతిపక్షాలు శంకించాయి. సరే, శంక తీర్చవలసినది సంఘమే కదా! 2024 ఎన్నికలకు ఆ యంత్రం రానేలేదు. ఓటు వయసును 21 నుంచి 18కి దించడానికి రాజ్యాంగాన్నే సవరించి 1989లో అమలుకు తెచ్చుకొన్నవాళ్ళం. ఒక గుడారం దాకా పెట్టె మోయలేమా?