దిద్దేవారికి పేరు కనపడాలా?

మన కురుపాం పొలాల్లోకి ఏనుగులు ఏ దారిన, ఏ నెలలో దిగుతాయో పరిశోధించాలంటే డబ్బు కావాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పరిశోధకులకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ 2024లో ప్రకటించిన పథకంలో అది మూడేళ్ళకు 60 లక్షల రూపాయల దాకా ఉంది. దరఖాస్తును ఆ శాస్త్రం తెలిసినవారు చదువుతారు, నిపుణుల సంఘం తేలుస్తుంది. పద్ధతి మంచిదే. కాని అచ్చయిన వ్యాసాలూ, సంస్థలో ఉన్న పరికరాలూ కూడా దరఖాస్తులో రాయాలి. ప్రయోగశాల నిండని కొత్త కాలేజీ అధ్యాపకుడు అక్కడే వెనకబడతాడు. పరికరాలు లేకనే కదా అతడు అడిగింది! పదో తరగతి జవాబుపత్రం దిద్దేవారికి మీ పేరూ, బడీ కనపడవు. తొలి వడపోతలో ఇక్కడా అలాగే కప్పివుంచి, ప్రశ్ననూ పరిశోధించే తీరునూ మాత్రమే దిద్దాలంటాను. పరికరాల లెక్క తర్వాత చూడవచ్చు.