ఇరానీ హోటలును, మనము నడువని వీథులును

హైదరాబాదున పుట్టి పెరిగిన బాలుని చార్మినారు ఎవరు కట్టించిరని యడిగినచో తడుముకొనక చెప్పును. గోలకొండ ద్వారమున చప్పట్లు చరచిన కొండపైకి వినబడుననియు చెప్పును. ఆ బాలునే కోఠిలో బస్సు దింపి, ఈ చుట్టుపట్ల నడచి చూడదగినవి నాలుగు చెప్పుమన్నచో పుస్తకముల అంగళ్లు, బట్టల బజారు అని ఊరకుండును. ఈ లోపము వానిది కాదు. మనము వానిని బస్సులోనో ఆటోలోనో కూర్చుండబెట్టి ఇంటినుండి బడికిని, బడినుండి ట్యూషనుకును చేరవేయుచున్నామే గాని, నడవనిచ్చుట లేదు. దారిలో ఆగి పదిమందిలో కూర్చుండి ఏదైన తిననిచ్చుట బొత్తిగా లేదు. ఈ రెండు కట్టుబాట్లును సడలింపవలెనని మా యభిప్రాయము.

ఊరు తిరిగి చూచుటయు, పూటకూటింట భుజించుటయు మన సాహిత్యమునకు క్రొత్తవి కావు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున మంచనశర్మ, టిట్టిభసెట్టి యను ఇద్దరు మిత్రులు ఒక్క దినమున ఓరుగల్లు వాడలన్నియు తిరుగుదురు. పూటకూళ్లయింట ఒక రూకకు దొరకు భోజనమును కవి నోరూరునట్లు వర్ణించెను. ఆ గ్రంథములోని పద్యము లన్నియు తరగతిలో చదువదగినవి కావనుట నిజమే. కాని శాసనములు చెప్పని సంగతులెన్నియో ఆ యిద్దరి కాలినడక మనకు చెప్పుచున్నది. మన నగరమున నేడు జనులు పూట గడపుకొను చోట్లను గూర్చి వ్రాసియుంచువా రెవరు?

మా దృష్టిలో అట్టి చోట్లలో మొదట చెప్పవలసినది ఇరానీ హోటలు. పందొమ్మిదవ శతాబ్దము చివరను, ఇరువదవ శతాబ్దము మొదటను యజ్ద్, కెర్మాన్ మొదలగు ప్రాంతముల వారు బొంబాయి, పూనాల మీదుగా ఇచ్చటికి వచ్చి ఈ హోటళ్లను పెట్టిరి. వీథిమూల స్థలములు అచ్చిరావని తక్కిన వర్తకులు విడిచిపెట్టగా, వీరు చవుకగా పుచ్చుకొనిరని పెద్దలు చెప్పుకొందురు. ఆ మాట ఎంతవరకు నిజమైనను, రెండు వీథుల వైపును ద్వారములు తెరచియుండుటచే అటు పోవువాడును ఇటు వచ్చువాడును లోనికి తొంగిచూడకుండ పోజాలరు. చలువరాతి పలకల బల్లలు, వంపుకొయ్య కుర్చీలు, గోడలకు అద్దములు, గల్లాపెట్టె ప్రక్క గాజు జాడీలలో బిస్కత్తులు: పాత హోటళ్ల రూపమిది.

ఇందలి చాయ్ ఇరాను దేశపు చాయ్ కానే కాదు. ఆ దేశమున పాలు కలుపక, చక్కెరపలుకు పంట నుంచుకొని త్రాగుదురు. ఇక్కడ తేయాకును నీటితో పెద్ద పాత్రలో పోసి, మూత బిగించి, సన్నని సెగపై చాలసేపు మరగింతురు. వేరొక పాత్రలో పాలు చిక్కబడుచుండును. అడిగినప్పుడు కప్పులో డికాక్షను పోసి దానిపై పాలు పోయుదురు. మూత బిగించి మ్రగ్గించు ఈ ‘దమ్’ పద్ధతి మన బిర్యానీకిని ఉన్నదే. చాయ్‌తో తినుటకు చిన్న సమోసాలు, మాంసము కూరిన లుఖ్మీలు, సప్తమ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరు మోయుచున్న ఉస్మానియా బిస్కత్తులు ఉండును. ఈ బిస్కత్తున తీపి ముందు తెలియును, ఉప్పు వెనుక తెలియును; చాయ్‌లో ముంచి తీయుట క్షణమాలస్యమైనచో విరిగి కప్పు అడుగున పడును. డబ్బు తక్కువైనవారు ‘వన్ బై టూ’ అందురు. ఒక కప్పు చాయ్ రెండు కప్పులలో వచ్చును. గల్లావాడు మొగము చిట్లింపడు.

రుచికొరకే యైనచో మేమింత వ్రాయకుందుము. ఆ బల్లయొద్ద ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుందురను దానికొరకు వ్రాయుచున్నాము. పూర్వము పూటకూళ్లయింట కులమెరిగి విస్తరి వేయుచుండిరి. కాఫీ హోటళ్లు వచ్చిన పిమ్మట గూడ పెక్కు పట్టణములలో బ్రాహ్మణులకు వేరుచోటు ఏర్పరచిరి. అంటరానివారని పిలువబడినవారికి లోపల చోటే లేకుండెను. పల్లెల టీ దుకాణములలో వారికై వేరు గ్లాసులనుంచి, త్రాగిన పిమ్మట వారిచేతనే కడిగించు ‘రెండు గ్లాసుల పద్ధతి’ ఈ శతాబ్దమున గూడ తెలుగు జిల్లాలలో బయటపడినది. మన విద్యార్థులలో కొందరి తాతలు ఆ గ్లాసు నెరుగుదురు. ఇంట నడిగి చూడుడు.

1950 జనవరి 26వ తేదిన అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసెను. అంతతో ఊరకొనక, 15వ అధికరణమున దుకాణములు, ఫలహారశాలలు, హోటళ్లు అని పేరు పేరున చెప్పి, కులమతాదుల కారణముగ ఏ పౌరునికిని వానిలో ప్రవేశము నిరాకరింపరాదని శాసించెను. బావులు, చెరువులు, స్నానఘట్టములు, రోడ్లు ఆ తరువాతనే వచ్చును. దేశమునకు మూలశాసనము వ్రాయ కూర్చున్న పెద్దలు టిఫిను తిను చోటును గూర్చి వ్రాయవలసి వచ్చెనన్న, అది ఎంత పెద్ద గాయమో ఊహించుకొనుడు. సమరయ స్త్రీని దాహమునకిమ్మని ప్రభువు అడిగినప్పుడు ఆమె ఆశ్చర్యపడినది నీటినిగూర్చి కాదు; ఆమె చేతినీరు పుచ్చుకొనుటకు యూదుడు సిద్ధపడెననియే. ఈ కథను బైబిలు తరగతిలో వినుచు, బడి బయటి బల్లను ఎరుగకపోవుట మాకు వింతగా తోచును.

ఇరానీ హోటలులో కులమడుగువాడు లేడు. రిక్షావాడు, గుమాస్తా, ముషాయిరాకు పోవు కవి, కోర్టుపక్షి ఒకే బల్లకు చేరెడివారు. ఆచారపరులు చాలకాలము అటు పోలేదు; అది వారి యిష్టము. అట్లని దీనిని స్వర్గమని మేము చెప్పము. స్త్రీలు ఆ బల్లలయొద్ద ఎన్నడును సమానముగ కూర్చుండలేదు. వారికి ‘ఫ్యామిలీ’ యని తెరచాటు గది యొకటి ఉండెడిది, పెక్కుచోట్ల అదియు లేదు. నేటికిని పాత హోటలున పదిమంది మగవారి నడుమకు ఇద్దరు బాలికలు పోయి కూర్చున్నచో చూపులన్నియు అటే తిరుగును. మరియొక సంగతి: బల్ల తుడుచువాడెవడో చూడుడు. పదునాలుగేండ్లలోపు పిల్లలను హోటళ్లలో పనికి పెట్టుట 2006 అక్టోబరు 10వ తేదినుండి నిషిద్ధము. నిషిద్ధమైన పని ఇంకను కంటబడినచో చాయ్ రుచిగా నున్నదని మెచ్చుకొని లేచి వచ్చుట తగదు, ఉపాధ్యాయునితో చెప్పవలెను.

ఇక వీథుల మాట. కోఠిలో చాయ్ త్రాగి లేచినచో సుల్తాన్ బజారున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కనబడును. 1901 సెప్టెంబరు 1వ తేదిన, ఉర్దూ రాజభాషగా నున్న నిజాము రాజ్యమున, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు తెలుగు పుస్తకములకొక యిల్లు కట్టవలెనని తలపెట్టిన చోటిది. దాని ముందు నిత్యము వేలమంది చీరలు బేరమాడుచు పోవుచున్నారు.

అటనుండి ఇరువది నిమిషములు నడచినచో అఫ్జల్‌గంజున ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వరదలోనే ఉర్దూ కవి అమ్‌జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతును పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించుటయు, 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియగుటయు ఈ వరద ఫలితములే. గండిపేట నీరు త్రాగి పెరిగిన నగరమునకు ఆ చెట్టెక్కడ నున్నదో తెలియదు.

తూర్పుగా చాదర్‌ఘాటున ఆది హిందూ భవనము పేరు వినినవారు మరియు తక్కువ. అది భాగ్యరెడ్డివర్మ పేరుతో ముడివడినది. 1888లో పుట్టి 1939లో గతించిన ఈ మహనీయుడు 1906లోనే జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలు చెప్పించి, దళిత బాలబాలికలకు పాఠశాలలు పెట్టించెను. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడై ‘పంచములు’ అను పేరును త్రోసిపుచ్చెను. వేరు గ్లాసును మొదట ప్రశ్నించిన నగరవాసులలో నొకడైన ఆయనను గూర్చి మన విద్యార్థులు నాలుగు మాటలు చెప్పలేకుండుట మాకు బాధ కలిగించుచున్నది.

ఇంకను తూర్పుగా పోయినచో మూసారాంబాగు. ఈ మూసారాముడు రాముడును కాడు, మూసాయును కాడు. 1798 మార్చి 25వ తేదిన మరణించిన ఫ్రెంచి సేనాని రేమాండు. ‘మొస్యే రేమాండ్’ అనుట కష్టమై హిందువులు మూసారామ్ అనియు, ముసల్మానులు మూసా రహీమ్ అనియు పిలుచుకొనిరి. ఆయన సమాధిపై నల్లరాతి స్తంభము నిలిచియున్నది. పరదేశి నొకనిని రెండు మతములవారును తమ పేరుతో పిలుచుకొన్న ఊరిది.

పిల్లలు చెడి తిరుగుదురనియు, బయటి తిండి వలన జబ్బులు వచ్చుననియు, కాలము మంచిది కాదనియు తలిదండ్రు లందురు. మొదటిదానికి జవాబు, ఉపాధ్యాయులతో కూడి పొండని. రెండవ భయము నిర్మూలము కాదు: కోసియుంచిన పండ్లు, మూతలేని పచ్చళ్లు, ఎక్కడివో తెలియని మంచుగడ్డలు వలదు; కన్నులయెదుట మరిగినది, పెనముపై కాలినది పుచ్చుకొనుడు. మిర్చి బండియైనను ఇడ్లీ బండియైనను ఇదే నియమము. నీళ్లు ఇంటినుండి తెచ్చుకొనుడు. మూడవదానికి ఏమి చెప్పుదుము? 2007 ఆగస్టు 25వ తేది సాయంకాలము కోఠిలోని గోకుల్ చాట్ దుకాణమునను లుంబినీ పార్కునను బాంబులు ప్రేలి నలువదిమందికి పైగా మరణించిరి. దుకాణమును మరల తెరచిరి. జనులు మరల వచ్చి, ఒకరి మోచేయి ఒకరికి తగులుచుండ నిలువబడి తినుచున్నారు. పిల్లలను ఇంట దాచుకొన్నంత మాత్రమున ఊరు క్షేమముగ నుండదు. ఊరిజనులు ఒకరి మొగము నొకరు ఎరిగియుండవలెను.

కాలయాపన చేయుటకు వీలులేదు. స్థలముల ధరలు పెరిగి, వీథులు వెడల్పు చేయబడి, వారసులు వేరు వృత్తులకు పోయి, పాత ఇరానీ హోటళ్లు ఒకటొకటిగ మూతపడుచున్నవి. క్రొత్తగ తెరచినవి కొన్ని ఇరానీ యను పేరు పెట్టుకొన్నను, నిలువబడి త్రాగి పోవునట్టివే. కూర్చుండనిచ్చు బల్ల వానిలో లేదు.

కావున మా కోరిక ఇది. ప్రతి టర్మునందును ఒక శనివారము మధ్యాహ్నము ఉన్నత తరగతులవారిని, బాలురను బాలికలను కలిపియే, ఈ దారిన నడిపింపవలెను. సుల్తాన్ బజారున మొదలిడి మూసారాంబాగున ముగింపవచ్చును. నడుమ ఒక హోటలున అందరును ఒకేచోట కూర్చుండవలెను. బాలికలకు తెరచాటు గది వలదు. చాయ్ డబ్బు తేలేనివారు ఆ మాట తరగతి ఉపాధ్యాయునితో ముందుగా చెప్పినచో చాలును. తలిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు తాము చిన్ననాట ఏ హోటలున కూర్చుండిరో, ఏ హోటలున కూర్చుండనీయబడలేదో ఒక పుటకు మించకుండ వ్రాసి పంపినచో వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము.