బీచ్ రోడ్డు మీద ఎత్తు గీత గీయాలి!

విశాఖ వాసులారా!

ఈ కాగితం చేతికి అందిన రోజున ఒక్క పని చేయండి. మధ్యాహ్నం పన్నెండింటికి మీ మేడ మీదికి వెళ్ళి బట్టలారేసిన తీగ వైపు చూడండి.

మాది చినవాల్తేరు, బీచ్ రోడ్డుకు వెనక మూడో వీధి. చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో గాలి సంగతి చెప్పేది ఆ తీగే. పొద్దున్నపూట కొండగాలికి చీరలు సముద్రం వైపు వాలేవి. పది పదకొండు మధ్య కాసేపు కదలకుండా వేలాడేవి. ఆ తరవాత సముద్రపు గాలి అందుకోగానే అన్నీ ఒక్కసారిగా సింహాచలం వైపు తిరిగేవి. ఆ తిరగడం చూసి మా అమ్మ పరుగున వెళ్ళి వడియాల గుడ్డకు నాలుగు మూలలా రాళ్ళు పెట్టేది. మూడేళ్ళ క్రితం మా ముందు వీధిలో పెద్ద మేడ ఒకటి లేచింది. ఎవరు కట్టారన్నది ఇక్కడ అనవసరం, ఇవాళ వాళ్ళు, రేపు ఇంకొకళ్ళు. ఇప్పుడు పన్నెండైనా ఒంటిగంటైనా చీరలు కదలవు. వడియాలకు రాళ్ళు పెట్టే పని అమ్మకు తప్పింది.

మేం అడిగేది ఒక్కటే. బీచ్ రోడ్డు ముందు వరసలో మేడ ఎంత ఎత్తు ఉండొచ్చో ఊరంతా కూర్చుని ముందే తేల్చాలి. ఆ గీత కాగితం మీదికి ఎక్కాలి. ఆ తరవాతే కొత్త ప్లాను పాసవ్వాలి.

మన ఊరి నేల తీరు ఒకసారి గమనించండి. సముద్రం అంచున పల్లం, కాస్త వెనక్కి వస్తే చినవాల్తేరు, పెదవాల్తేరు, ఆపైన యూనివర్సిటీ మెట్ట, ఇంకా వెనక కొండలు. పాత సినిమా హాల్లో నేల, బెంచీ, బాల్కనీ ఉన్నట్టే ఉంటుంది. నేల టికెట్టు తీసుకున్నవాళ్ళు కూర్చునే చూస్తారు కాబట్టే వెనకవాళ్ళకి తెర కనిపిస్తుంది. మొదటి వరస లేచి నిలబడితే హాలంతా లేచి నిలబడాలి, అప్పుడు ఎవరికీ ఏమీ కనబడదు. ఇవాళ బీచ్ రోడ్డులో జరుగుతున్నది అదే. ముందువాడు పది అంతస్తులు వేస్తే వెనకవాడు పదిహేను వేస్తాడు, పక్కవాడు ఇరవైకి అడుగుతాడు.

దీనికి దారి ఎలా తెరుచుకుందో కొంచెం ఓపిగ్గా వినండి, ఇక్కడే అసలు కిటుకు ఉంది. 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ తెచ్చింది. అందరూ సీఆర్‌జెడ్ అనేది దీన్నే. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా దాని పరిధి. అప్పటికే ఊరు కట్టేసిన చోట, అంటే మన బీచ్ రోడ్డు లాంటి చోట, ఉన్న రోడ్డుకు సముద్రం వైపు కొత్తగా ఇల్లు కట్టకూడదు, ఊరి వైపు కట్టుకోవచ్చు. 2011లో వచ్చిన నోటిఫికేషన్ ఇంకో కట్టు వేసింది. ఊరి వైపు కట్టినా, స్థలానికి ఎన్ని రెట్లు అంతస్తుల విస్తీర్ణం వేయొచ్చన్న లెక్క 1991 నాటిదే ఉండాలంది. ఎఫ్‌ఎస్‌ఐ అని ఇంజనీర్లు అనే లెక్క అది. 2019 జనవరిలో వచ్చిన కొత్త నోటిఫికేషన్ ఆ కట్టు విప్పింది. రాష్ట్రం తీర పటం కొత్తగా గీసి, కేంద్రం దాన్ని ఆమోదించాక ఈ సడలింపు అమల్లోకి వస్తుంది.

కట్టు విప్పితే ఏమైంది, రాష్ట్రం రూల్సు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అయితే మన రాష్ట్రంలో ఎత్తుకు ఎఫ్‌ఎస్‌ఐ కొలత కాదు. 2012 నాటి జీవో 168 చూసినా, విభజన తరవాత 2017లో వచ్చిన జీవో 119 చూసినా ఎత్తును నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ. రోడ్డు వెడల్పైన కొద్దీ మేడ పైకి పోవచ్చు. మరి సముద్రం అంచున వెడల్పాటి రోడ్డు ఏది? బీచ్ రోడ్డే! జనం నడవడానికి, పిల్లలు సైకిల్ తొక్కడానికి, సబ్‌మెరీన్ చూడటానికి వచ్చేవాళ్ళ కోసం వెడల్పు చేసుకున్న రోడ్డు, ఆ వెడల్పు వల్లే ఆకాశహర్మ్యాలకు అర్హత సంపాదించి పెడుతోంది. కొండల మధ్య లోపలి ఊరికీ సముద్రం అంచుకూ ఒకే కొలబద్ద పెట్టడం తప్పు. ఈ తప్పు దిద్దమనే ఈ కరపత్రం.

నీడ సంగతి లెక్క వేసి చూడండి. మన సూర్యుడు సముద్రంలోంచి లేచి మేడల వెనక దిగుతాడు. వేసవిలో సాయంత్రం నాలుగూ నాలుగున్నర మధ్య సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. ఆ వేళకు 15 మీటర్ల మేడ నీడ 26 మీటర్లు. ముందు వదిలిన ఖాళీలోనూ రోడ్డు మీదా అది సరిపోతుంది. అదే 60 మీటర్ల మేడ, ఇంచుమించు ఇరవై అంతస్తులు, నీడ 100 మీటర్లు దాటుతుంది. ఇంకాస్త పొద్దు వాలి 20 డిగ్రీలకు దిగితే 160 మీటర్ల పైమాటే. రోడ్డు దాటి, కాలిబాట దాటి, ఇసుక దాటి నీళ్ళ మీద పడుతుంది.

ఎండాకాలంలో నీడ మంచిదే కదా అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. జాలరిపేట దగ్గర ఇసుక మీద చేపలు ఆరబెట్టుకునే ఒక మామ్మని అదే మాట అడిగాను. ఆవిడ తట్ట దించకుండానే చెప్పింది: "సేప ఎండాలంటే ఎండుండాల, గాలుండాల బాబూ. ఎండ మేడెనక్కి పోనాది, గాలి మేడ ముందే ఆగిపోనాది. ఇంక మాకేటుంటాది?" సాయంత్రం ఓ రెండు గంటల పాటు ఎండ తగ్గితే చేప మర్నాటికి మెత్తబడుతుంది. మెత్తబడిన చేపకు బేరగాడు ధర తగ్గిస్తాడు. నీడ ఖరీదు ఆవిడ తట్టలో ఉంది.

ఇక గాలి. పగలు నేల వేడెక్కి, సముద్రం మీది చల్లగాలి ఊళ్ళోకి వస్తుంది. ఏసీలు లేని ఇళ్ళకు, రేకుల షెడ్లకు, బస్తీలకు వేసవిలో అదే దిక్కు. మేడకీ మేడకీ సందు లేకుండా గోడలా నిలబెడితే ఆ గాలి పైనుంచి పోతుంది, లేదా మూలల దగ్గర ఈల వేస్తూ సుడి తిరుగుతుంది. వెనక వీధులు ఉడికిపోతాయి. హాంకాంగ్‌లో ఇలాంటి గోడ మేడల బాధ పడ్డాకే, 2003 సార్స్ తరవాత, పెద్ద ప్రభుత్వ ప్రాజెక్టులు గాలికి ఎంత అడ్డం వస్తాయో ముందే పరీక్షించే పద్ధతి 2006లో తెచ్చుకున్నారు. అక్కడే ఇంకో మాట కూడా రాసుకున్నారు: ఎంచుకున్న చోట్ల నుంచి చూస్తే కొండల శిఖరాల కింద 20 నుంచి 30 శాతం భాగం మేడలు మూసేయకుండా మిగలాలి. స్థలానికి బాగా కరువు పడ్డ ఊరు హాంకాంగ్. వాళ్ళే కొండను చూడనివ్వాలనుకున్నప్పుడు, మనకేం?

మనకు కొండ కనబడటం చూడముచ్చట కోసమే కాదు. వేటకెళ్ళే జాలరి తిరుగుదారిలో డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి లాంటి కొండల్ని కళ్ళతో పట్టుకుని తన చోటు తెలుసుకుంటాడు. ఆ గుర్తుల ముందు మేడలు నిలబెట్టి, ఫోనులో చూసుకో అనడం న్యాయం కాదు.

2014 అక్టోబర్ 12 మర్చిపోయినవాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు. హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు. గంటకు 180 కిలోమీటర్ల గాలి. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, చెట్లు కూకటివేళ్ళతో పడ్డాయి, అద్దాల ముఖాలున్న భవనాలు పెంకులు రాల్చాయి. మా వీధిలో వారం పాటు గాజుముక్కలు ఊడ్చాం. భూమి నుంచి పైకి పోయే కొద్దీ గాలి వేగం పెరుగుతుంది. సముద్రం మీంచి అడ్డు లేకుండా వచ్చే గాలికి మొదట తగిలేది ముందు వరసే. అక్కడ అద్దాల గోడలు ఎంత ఎత్తుకు లేపితే, తుఫాను రోజున కింద వీధుల మీద అంత ఎత్తు నుంచి గాజు కురుస్తుంది.

మన బీచ్‌లో ఇసుక కూడా శాశ్వతం అనుకోకండి. మన తీరం వెంట కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. హార్బరు అడ్డుకట్టల దగ్గర ఆ ఇసుక ఆగిపోతుంది. అందుకే పోర్టు వాళ్ళు డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను పైపుల్లో తెచ్చి ఆర్కే బీచ్ దగ్గర పోస్తుంటారు. అలా పోసి నిలబెట్టుకుంటున్న బీచ్ ఇది. దీని ఒడ్డునే సెల్లారు మీద సెల్లారు తవ్వి, ఊరే ఉప్పునీటిని రాత్రింబవళ్ళు మోటార్లతో గెడ్డల్లోకి తోడటం మనం చూస్తూనే ఉన్నాం. అటవీశాఖ కాపలా కాసే తాబేలు గుడ్ల కేంద్రాలూ ఈ ఒడ్డునే ఉన్నాయి. గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల వెలుగు ఎటుంటే అటు నడుస్తుంది. దానికి సముద్రం కంటే మేడలు మెరిస్తే రోడ్డెక్కి చస్తుంది.

రుషికొండ విషయంలో ఏమైందో చూశాం. తవ్వకం మొదలయ్యాక కోర్టుకు వెళ్ళారు, పరిశీలన జరిగింది, అనుమతికి మించి తవ్వారని తేలింది. అంతా అయ్యేసరికి కొండ గుండు అయిపోయింది. ముందే అడగాలి అంటున్నది అందుకే. తొట్లకొండ కింద, ఎర్రమట్టి దిబ్బల పక్కన, భీమిలి దాకా ఇంకా చాలా తీరం మిగిలి ఉంది.

ఊరు పెరగాలి. మన పిల్లలు ఉద్యోగాలకు హైదరాబాదో బెంగళూరో పోకుండా ఇక్కడే ఉండాలని మాకూ ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం కుదిరిన రోజు మా వీధిలోనూ మిఠాయిలు పంచారు. వచ్చేవాళ్ళకు ఇళ్ళు కావాలి, ఎత్తైన మేడలూ కావాలి. మధురవాడ ఉంది, లోపల బోలెడు నేల ఉంది, అక్కడ ముప్పై అంతస్తులు లేపండి, నీళ్ళూ రోడ్డూ ఇచ్చి లేపండి. ముంబయి కంటే ఖరీదైన నేల మనది కాదు కదా! అక్కడ మెరైన్ డ్రైవ్ ముందు వరస దశాబ్దాలుగా తలలు దించుకునే ఉంది. 2018లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కినవాటిలో ఆ దించుకున్న తలలూ ఉన్నాయి.

మా లెక్క ఇది. ముందు వరస 15 మీటర్లు దాటకూడదు. వెనక్కి పోయే కొద్దీ మెట్టు మెట్టుగా పెరగనివ్వండి. బీచ్ రోడ్డులోకి దిగే ప్రతి వీధి చివరా ఆకాశం ఖాళీగా ఉండాలి, ఆ దారి గేటు పడకుండా జనానికి తెరిచి ఉండాలి. ఈ 15 కాదు 18 అని ఎవరైనా లెక్కతో వస్తే కూర్చుని మాట్లాడదాం. లెక్కే వద్దు అంటే మాత్రం ఒప్పుకోం.

ఇక్కడ ఫ్లాటు కొనాలనుకుంటున్నవాళ్ళకు కూడా ఒక మాట. కొచ్చిలో మరడు గుర్తుందా? తీర నియమాలు తప్పి కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాల్ని సుప్రీంకోర్టు ఆదేశం మీద 2020 జనవరి 11, 12 తేదీల్లో పేల్చి కూల్చేశారు. అనుమతి ఉందని నమ్మి డబ్బు కట్టినవాళ్ళు సామాన్లతో రోడ్డు మీద నిలబడ్డారు. రెరా నంబరు చూసి ఊరుకోకండి. సీఆర్‌జెడ్ అనుమతి కాగితం, అందులో పోటు గీత నుంచి ఎంత దూరమో రాసిన పటం చూపించమనండి. చూపించకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

మిగతావాళ్ళం అర్జీలు పెడదాం. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు ముప్పై రోజులు. జీవీఎంసీని, వీఎంఆర్‌డీఏని, తీర ప్రాంత నిర్వహణ అథారిటీని మూడు సంగతులు అడుగుదాం. బీచ్ రోడ్డు ముందు వరసలో గత ఐదేళ్ళలో ఏ సర్వే నంబరులో ఎంత ఎత్తుకు అనుమతిచ్చారు? ఒక్కోదానికి సీఆర్‌జెడ్ అనుమతి, విమానాలు తిరిగే దారి కోసం ఇచ్చిన ఎత్తు అనుమతి ఎక్కడ? కొత్త తీర పటం ఏ దశలో ఉంది, మన అభ్యంతరాలు ఎక్కడ ఇవ్వాలి? నమూనా అర్జీ రాసి ఉంచాం, మీ పేరు, సంతకం చాలు. మీ కార్పొరేటరు ఇంటికొస్తే ఈ కాగితం చేతిలో పెట్టి, 15 మీటర్లకు ఔనా కాదా అని అడగండి.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి కాళీమాత గుడి ఎదుట ఇసుకలోకి రండి. అర్జీలు అక్కడే రాసుకుందాం. అక్కచెల్లెళ్ళు ఇంట్లోంచి తలో దోసెడు ముగ్గుపిండి తెండి. పిల్లల్ని తీసుకురండి. ముందు వరస మేడల నీడ ఇసుక మీద ఎక్కడిదాకా వచ్చిందో నాలుగున్నరకు ఒక గీత వేద్దాం, ఐదింటికి ఇంకొకటి, ఐదున్నరకు ఇంకొకటి. ఆ గీతల పక్కన నిలబడి ఫోటో తీసి అర్జీకి జతచేద్దాం.

ఇట్లు
బీచ్ రోడ్డు వెనక వీధుల వాళ్ళం, జాలరిపేట వాళ్ళం