డయాలసిస్ రోగుల ఐరన్ గురించి ఆరోగ్యశ్రీ ట్రస్టుకు బహిరంగ లేఖ

ఆరోగ్యశ్రీ ట్రస్టు ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

కర్ణాటక సరిహద్దున 65వ నంబరు జాతీయ రహదారి మీదున్న చిరాగ్‌పల్లి వంటి ఊళ్ల నుంచి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు బయలుదేరేవారిని కిడ్నీ జబ్బుతో పాటు రక్తహీనత కూడా వెంటాడుతుంది గనుక, వారికి నరం ద్వారా ఎక్కించే ఐరన్ విషయంలో ట్రస్టు ఒక పద్ధతిని ఖరారు చేయాలని ఈ లేఖ కోరుతున్నది.

ఎముక మజ్జ చేత ఎర్ర రక్తకణాలు తయారు చేయించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను దెబ్బతిన్న కిడ్నీల నుంచి చాలినంత రాదు. దానిని ఇంజెక్షనుగా ఇచ్చినా ఇనుము లేనిదే హిమోగ్లోబిన్ పెరగదు. ఫిల్టరులో, గొట్టాల్లో మిగిలిపోయే రక్తంతోను, పరీక్షలకు తీసే రక్తంతోను ఏటా 1 నుంచి 3 గ్రాముల ఇనుము పోతుంది. కాలేయం విడుదల చేసే హెప్సిడిన్ అనే మరో హార్మోను ఈ రోగుల్లో అధికంగా ఉండి, పేగుల్లోంచి ఇనుము రక్తంలోకి చేరే దారిని మూసేస్తుంది కాబట్టి మాత్రలతో ఆ లోటు పూడటం కష్టం.

నరం ద్వారా ఇచ్చే మందుల్లో పాతకాలపు ఐరన్ డెక్స్‌ట్రాన్ తీవ్రమైన అలర్జీలతో చెడ్డపేరు మూటగట్టుకున్నది. ఐరన్ సుక్రోజ్ 5 మి.లీ. ఆంప్యూల్‌లో 100 మి.గ్రా. ఇనుము ఉంటుంది, సెలైన్‌లో కలిపితే పలుచని డికాషన్‌లా కనిపించే ఈ మందును నర్సు డయాలసిస్ గొట్టం నుంచే ఇస్తుంది కాబట్టి వేరే సూదిపోటు ఉండదు, పది దఫాల్లో 1000 మి.గ్రా. పూర్తవుతుంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ గొప్పదనమంతా 1000 మి.గ్రా.ను పావుగంటలో ఒకేసారి ఎక్కించగలగడంలో ఉన్నా, హీమోడయాలసిస్ రోగులకు ఐరోపా నిబంధనలు రోజుకు 200 మి.గ్రా. దాటనివ్వవు. ఎలాగూ వారం వారం మిషను పక్కన గంటల తరబడి పడుకునేవారికి ఆ ఖరీదైన సౌకర్యంతో ఒరిగేది తక్కువే.

బ్రిటన్‌లో 2,141 మంది హీమోడయాలసిస్ రోగులపై జరిగి 2019లో వెలువడిన పివోటల్ అధ్యయనం ఐరన్ సుక్రోజ్‌నే రెండు విధాలుగా వాడి చూసింది. ఫెరిటిన్ 700, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 40 శాతం హద్దులు దాటనంతవరకు నెలనెలా 400 మి.గ్రా. ఇచ్చినవారిలో, నిల్వలు తగ్గాక మాత్రమే ఇచ్చినవారికంటే మరణాలు, గుండెపోట్లు, పక్షవాతం వంటివి కలిపి తక్కువగా నమోదు కాగా, ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు, ఎరిత్రోపోయిటిన్ తరగతి మందుల అవసరమూ తగ్గింది. అంటే మందు పేరుకంటే ఇచ్చే క్రమానికే విలువ ఎక్కువ.

ఆ క్రమానికి పరీక్షలే ఆధారం. ఫెరిటిన్ ఇనుము నిల్వను, శాచురేషన్ మజ్జకు అందుతున్న ఇనుమును సూచిస్తాయి; ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ ఉత్తినే పెరుగుతుంది గనుక రెండూ కలిపి చూడాలి, ఇన్‌ఫెక్షన్ ముదిరినప్పుడు ఐరన్ ఆపాలి. ఈ జాగ్రత్త లేక హిమోగ్లోబిన్ పడిపోయి చివరకు రక్తం ఎక్కించవలసి వస్తే శరీరంలో పుట్టే యాంటీబాడీల వల్ల, జీవన్‌దాన్ జాబితాలో కిడ్నీ కోసం ఎదురుచూసేవారికి సరిపడే అవయవం దొరకడం మరింత కష్టమవుతుంది.

కాబట్టి ప్రతి 3 నెలలకు ఈ రెండు పరీక్షలు, కేంద్రంలో ఎడతెగని ఐరన్ సుక్రోజ్ నిల్వ, మందు ఎక్కించాక అరగంట పరిశీలన, అలర్జీ వస్తే వెంటనే వాడే అడ్రినలిన్ డయాలసిస్ ప్యాకేజీలో విడివిడిగా పేర్కొనబడాలని, పరీక్ష ఫలితం, ఇచ్చిన మోతాదు రోగి చేతిలోని పుస్తకంలో తెలుగులో రాసి ఇవ్వాలని విన్నపం.

ఇట్లు,
చిరాగ్‌పల్లి, జహీరాబాద్ ప్రాంత డయాలసిస్ రోగుల శ్రేయోభిలాషులు