గిద్దెడు బియ్యము



ఈ మాసమున వేసవి ఊరగాయలను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నందుకు మన్నింపుడు. మీ జాబులలో అడుగున, సంతకమునకు తరువాత, చిన్న యక్షరములతో వ్రాయబడు ప్రశ్న ఒకటి కలదు. దానికి మేము ఇంతవరకు బదులు వ్రాయలేదు. వ్రాయవలెనన్న మా యింటి సంగతి చెప్పవలసివచ్చును, అందులకే వెనుదీసితిమి.

మాకు పెండ్లియై తొమ్మిదేండ్లు గడచినవి. ఈ తొమ్మిదేండ్లలో కోడలికి నెల తప్పినదని ఇంటివారు నాలుగుమారులు సంతోషించిరి. ఒకమారు మా యత్తగారు పైడితల్లి యమ్మవారికి మ్రొక్కుకొని చీరకూడ కొని యుంచిరి. నాలుగుమారులును అది బిడ్డ కాదు. రెండు నెలలకో మూడు నెలలకో ఆలస్యముగా వచ్చు బహిష్టు మాత్రమే. ఆ చీర నేటికిని మా పెట్టెలో మడత విప్పకయే యున్నది.

మెడ వెనుక నల్లని చార ఒకటి ఏర్పడినది. మురికి యని తలచి, సున్నిపిండితో చర్మము మండువరకు రుద్దితిమి. గడ్డము క్రింద ముదురు వెండ్రుకలు మొలచినవి. ఇవి యన్నియు వేరువేరు సంగతులనియే యనుకొంటిమి. రెండేండ్ల క్రిందట విజయనగరములోని యొక వైద్యురాలు మా మెడను చూచిన వెంటనే, "అమ్మా, ఇది మురికి కాదు. రుద్దకండి," అనిరి. ఎన్ని వందలమంది మెడలు చూచినదో గదా ఆ తల్లి!

వ్యాధి పేరు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, పొట్టిగా పీసీఓఎస్. మన వాడుకలో "గర్భసంచిలో నీటిబుడగలు" అందురు. ఆ మాటలో రెండు తప్పులున్నవి. బుడగలు గర్భసంచిలో కాక అండాశయములలో నుండును. అవి బుడగలును కావు, పక్వము గాక నిలిచిపోయిన అండకోశములు. 1935లో షికాగో నగరమున స్టైన్, లెవెంథాల్ అను ఇరువురు వైద్యులు ఏడుగురు స్త్రీలలో దీనిని గుర్తించి వ్రాసిరి. నేడు సంతానయోగ్యమైన వయసు గల స్త్రీలలో నూటికి సుమారు పదిమందికి ఇది యున్నదని లెక్క. కనుక చాటుగా అడుగు చెల్లెలు ఒంటరిది గాదు.

దీనికిని అన్నమునకును ఏమి సంబంధము? మేమును అదియే యడిగితిమి. మనము తిన్న పిండిపదార్థము కడుపులో చక్కెరయై నెత్తుట గలియును. దానిని కండలలోనికి పంపుటకు క్లోమము ఇన్సులిన్ అను రసమును విడుచును. మా వంటివారి శరీరము ఆ రసము మాట సరిగా వినదు. పిలిచిన పలుకని బిడ్డను తల్లి మరింత గట్టిగా పిలిచినట్లు, క్లోమము మరింత రసమును విడుచును. అధికమైన ఆ ఇన్సులిన్ అండాశయములను రేపి, పురుషులలో హెచ్చుగా నుండవలసిన హార్మోనులను పుట్టించును. దానిచేత అండము పక్వమై వెలువడదు, నెల రాదు. మెడపై నలుపును దాని గురుతే. లావైన వారికే వచ్చుననుట సరి గాదు, సన్నని వారికిని వచ్చును. థైరాయిడు లోపమువలనను నెలలు తప్పును గావున ఆ పరీక్షయు చేయించిరి. అది సరిగానే యున్నది. మూడు నెలల చక్కెర సగటు మాత్రము 6.1 యని వచ్చినది. 5.7 దాటిన అది మధుమేహమునకు వాకిలి యట. మెట్‌ఫార్మిన్ మాత్ర వ్రాసి, "అన్నం బాగా తగ్గించండి," అని పంపిరి.

అన్నము తగ్గించుట! కాగితముపై రెండు మాటలు. ఇంటికి వచ్చి చెప్పగానే మా యత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట ఇట్లనిరి: "మా యమ్మ చోడంబలి తాగి నాట్లకెళ్లేది. వరన్నం పండక్కే. మీ మావ ఇంటిల్లిపాదికీ రెండుపూటలా వరన్నం పెట్టాలని ఎంత కష్టపడ్డాడో నీకేటి తెలుసు?" పొరుగున నున్న ముసలమ్మ సూటిగానే యడిగినది: "ఏటి తల్లీ, కూడు మానేస్తే కడుపెలా పండుతాదమ్మా?"

మాకు బదులు తోచలేదు. శ్రీకాకుళము విజయనగరము సీమల మెట్టపల్లెలలో చోళ్లు, గంటెలు, సామలు నిత్యాహారముగా నుండిన దినములు మరి పాతవి కావు. శ్రీనాథుని చాటువులని చెప్పుకొను పద్యములలో పలనాటి జొన్నకూటిని ఎత్తిపొడుచుట మీరెరుగుదురు. తెల్లని యన్నము గొప్పవారి గురుతుగానే చిరకాలము నిలిచినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప అది పేదల కంచములోనికిని దిగినది. అట్టి యన్నమును కోడలు వద్దనుట అత్తగారికి మామగారి కష్టమును త్రోసివేసినట్లే తోచెను. ఆమెను తప్పుపట్టలేము.

మా యింటివారు గణితము చెప్పు ఉపాధ్యాయులు. వారు త్రాసు దెచ్చి మేము ఒక్క దినములో తిను బియ్యమును తూచిరి. ఉదయము చద్ది, మధ్యాహ్నము అన్నము, సాయంకాలము బియ్యపురవ్వ ఉప్మా, రాత్రి మరల అన్నము: 350 గ్రాములు. నూరు గ్రాముల బియ్యములో 78 గ్రాములు పిండిపదార్థమే గనుక, బియ్యమునుండియే 273 గ్రాములు! పిండిపదార్థము తగ్గించిన భోజనమని వైద్యులు చెప్పునది దినమునకు 130 గ్రాములలోపు. మేము సిగ్గుపడితిమి. తిండిపోతులము కామని యింతకాలము గర్వముగా నుండెను.

ఇచట మేము చేసిన మొదటి పొరపాటు చెప్పెదము, మీలో ననేకులు చేయుచున్నది గావున. బియ్యము మాని చోళ్లు పట్టితిమి. ఉదయము బెల్లము వేసిన చోడంబలి, రాత్రి చోడిరొట్టె, నడుమ గంటెల సంకటి. అత్తగారు అలిగినను, తమ తల్లి వంటకములు గనుక మెల్లగా నేర్పిరి. చోడి వంగడములకు పేరొందిన పరిశోధన స్థానము మన విజయనగరముననే యున్నదని మా యింటివారు పొంగిపోయిరి. రెండు నెలలు గడచినవి. తూకము తగ్గలేదు, నెల రాలేదు.

అప్పుడు వారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహారపట్టికను తెరచి చూపిరి. నూరు గ్రాముల చోళ్లలో పిండిపదార్థము 67 గ్రాములు! బియ్యమునకు దీనికి భేదము 11 గ్రాములే. పైగా బెల్లము. చోళ్లలో పీచు హెచ్చు. సున్నము 364 మిల్లీగ్రాములు, బియ్యములో పది మిల్లీగ్రాములైన లేదు. ఎముకలకు అవి మేలు చేయునని యెవ్వరును కాదనరు. కాని అంబలి చెంబుతో త్రాగి, చక్కెర లేదనుకొనుట మనలను మనము మోసపుచ్చుకొనుటయే. ఇటీవల 2025లో మన దేశపు పెద్దల భోజనమును పరిశీలించిన వైద్యులును ఇట్టి మాటయే చెప్పిరి. మనవారికి శక్తిలో నూటికి సుమారు 62 పాళ్లు పిండిపదార్థమునుండియే వచ్చుచున్నదట. తెల్లబియ్యమునకు బదులు గోధుమపిండిగాని చిరుధాన్యపు పిండిగాని తినుటచేత మధుమేహభయము తగ్గినట్లు కనబడలేదు. అందు కొంత తీసి పప్పు, పాలు మొదలగువాని మాంసకృత్తులను చేర్చినచో తగ్గినట్లు కనబడినది. మార్చవలసినది ధాన్యము పేరు గాదు, కొలత.

ఆ పోషకాహార సంస్థ పుట్టుకయు మన సీమకు సంబంధించినదే. మరపట్టిన తెల్లబియ్యము తినుటవలన వచ్చు బెరిబెరి వ్యాధికి మన ఉత్తర సర్కారులు పేరుపడిన ప్రాంతము. ఆ వ్యాధి విచారణకై 1918లో కూనూరులో ఒక్క గదిలో మెకారిసన్ అను వైద్యుడు ఆరంభించిన శాలయే 1958లో హైదరాబాదునకు తరలి, నేటి సంస్థయైనది. నాడు బియ్యపు తవుడు పోవుటచేత మనవారికి కాళ్లు చచ్చుబడెను. నేడు బియ్యము హెచ్చుటచేత మరియొకటి. తెల్లబియ్యము మనకు రెండుమారులు పాఠము చెప్పినదన్నమాట.

రెండవ పొరపాటు రోషముచేత చేసినది. చోళ్లవలన ప్రయోజనము లేదని తెలియగానే ధాన్యమంతయు ఒక్కమారుగా మానివైచితిమి. అవి దసరా దినములు. పది దినములు కూరలు, మజ్జిగ, గుప్పెడు పల్లీలు మాత్రమే. తలనొప్పి, మలబద్ధము, కాళ్లలో నీరసము. దసరా వెళ్లిన మంగళవారము సిరిమానోత్సవమునకు పోయి, విజయనగరము మూడు లాంతర్ల కడ జనసమ్మర్దములో నిలుచుండగా కన్నులు చీకట్లు గ్రమ్మి, ఎవరో పుణ్యాత్మురాలి భుజముపై వ్రాలితిమి. పిండిపదార్థము హఠాత్తుగా తగ్గినచో మొదటి దినములలో శరీరమునుండి నీరును ఉప్పును హెచ్చుగా పోవునట. మేమో, ఆరోగ్యమని ఉప్పుకూడ తగ్గించియుంటిమి! వైద్యురాలు కోపపడిరి. ఈ వ్యాధికి ఇదియొక్కటే పథ్యమని ఏ వైద్యశాస్త్రమును చెప్పలేదనియు, 2023లో దేశదేశముల వైద్యులు కూడి వ్రాసిన నియమములలోను ఒక పథ్యము మరియొకదానికంటె మిన్న యని తేలలేదనియు, చాలకాలము నిలుపుకొనగలిగినదే పట్టవలెననియు చెప్పిరి. గర్భము నిలిచినదని తెలిసిన దినముననే ఇట్టి కఠిన నియమములు విడిచి తమ యొద్దకు రావలెనని మరి మరి హెచ్చరించిరి.

మూడవమారు మా యింటి గిద్ద వెదకి తీసితిమి. తూచగా బియ్యము 60 గ్రాములు పట్టినది. దినమునకు ఒక్క గిద్ద, మధ్యాహ్నము మాత్రమే. కంచములో వడ్డించు వరుస మార్చితిమి. ముందు బీరకాయయో తోటకూరయో ఆవపెట్టిన పనసపొట్టో కడుపు సగము నిండునట్లు తిని, పిదప పప్పు, ఆ పిదపనే అన్నము. ముందు కూరయు పప్పును తిని తరువాత అన్నము తినినచో నెత్తుట చక్కెర అంతగా ఎగయదు. ఉదయము ఉప్మా లేని పెసరట్టు, అల్లపు పచ్చడి. రాత్రి ఉలవగుగ్గిళ్లుగాని పనీరు కూరగాని, గడ్డపెరుగు. పప్పుధాన్యములలోను పిండి లేకపోలేదు; కాని మాంసకృత్తులును పీచును తోడుండును. మా యింట గ్రుడ్డు, చేప వండరు. వండు ఇండ్లవారికి ఈ పని సులువు. వానిలో పిండి దాదాపు లేదు. పలాస చుట్టములు పంపిన జీడిపప్పును మాత్రము పల్లీలవలె గుప్పెళ్లతో తినరాదు, నూటికి పాతిక గ్రాములు పిండియే. భోజనమైన పిదప చెరువుగట్టుపై మా యింటివారితో కూడ నడచుట అలవాటు చేసికొంటిమి. ఊరు కొన్నాళ్లు నవ్వినది. మెట్‌ఫార్మిన్ చాలకాలము వాడువారు, ముఖ్యముగా శాకాహారులు, బి12 విటమిను పరీక్ష చేయించుకొనవలెను. మాకు తక్కువగానే యున్నది.

కష్టమంతయు ఇంట గాదు, విందులలో. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువునకు దగినట్లు అతిథులకు వడ్డించు ఘట్టమును మా నాయనగారు బాల్యమున మాచే చదివించిరి. ఆ విష్ణుచిత్తుని వారసులే బొబ్బిలిలో మా బంధువుల పెండ్లిలో వడ్డించిరి కాబోలు! చేయి యడ్డము పెట్టినను వ్రేళ్ల సందున అన్నము జారవిడిచిరి. "వద్దు" అన్న మాట వడ్డించువారికి "ఇంకొంచెము" అని వినబడును. చివరకు కూర రెండుమారులు అడిగి వేయించుకొంటిమి. కూర అడిగిన వారిని ఎవ్వరును అన్నము తినలేదని బాధపెట్టరు. ఈ యుపాయము మీరును వాడుకొనవచ్చును.

ఎనిమిది నెలలకు తూకము 71 కిలోలనుండి 66 అయినది. చక్కెర సగటు 5.6. నెల ముప్పదియైదు, నలువది దినములకు తప్పక వచ్చుచున్నది. మెడ నలుపు పలుచబడినది. గడ్డము వెండ్రుకలు మాత్రము పోలేదు, అవి మెల్లగా గాని తగ్గవట. ఒడి నిండినదా యని యడుగుదురు. లేదు. అండము వెలువడుచున్నట్లు కనబడుచున్నదని మాత్రము వైద్యురాలు చెప్పిరి. పొరుగు ముసలమ్మకును ఇంతే చెప్పితిమి. ఆమె మా మెడను తడిమి చూచి, మరేమియు అనలేదు.

మా యత్తగారు మొన్న సంక్రాంతికి క్రొత్తబియ్యముతో అరిసెలు వండిరి. మాకు ఒక అరిసెను సగము విరిచి పెట్టి, తక్కిన సగమును తాము నోట వేసికొనిరి. ఆమెకు పదేండ్లుగా మధుమేహము. నాడు సాయంకాలము గిద్దను తీసికొనివచ్చి, "రేపటినుంచి నాకూ దీంతోనే పొయ్యి," అనిరి. సంతోషముతో సరే యనబోయి ఆగితిమి. మా మెట్‌ఫార్మిన్ సాధారణముగా చక్కెరను మరీ పడిపోనీయదు. ఆమె వేసికొను గ్లిమిపిరైడ్ మాత్ర యట్టిది గాదు. తిండి తగ్గించి మాత్ర అట్లే వేసికొన్నచో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. ఇన్సులిన్ సూదులు వేసికొనువారికిని ఇదే భయము. వైద్యుడు మాత్ర సరిచేయువరకు గిద్ద ఆమె కంచమునకు రాదని చెప్పితిమి. "నీకు మంచిదైతే నాకు కాదా?" అని అలిగి, రాత్రి మాతో పలుకలేదు.

మరునాడు ఉదయము చూచితిమి గదా, పెట్టెలోనుండి ఆధార్ కార్డు తీసి చీరకొంగున ముడివేసికొనుచున్నారు. పల్లెవెలుగు బస్సులో ఆడువారికి టిక్కెట్టు లేదు గాని కార్డు చూపవలెను. మంగళవారము ఆసుపత్రికి మేమిద్దరమును పోవుచున్నాము.